రొట్టెల ఇంటి నుంచి మొదలుపెట్టండి

హీబ్రూ మనకు బొత్తిగా తెలియని భాష అనుకుంటాం. కానీ మన ఊళ్లలో చర్చి బోర్డుల మీద ఆ మాటలు ఏనాటి నుంచో ఉన్నాయి. బేతేలు అంటే దేవుని ఇల్లు. బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. 'బేత్' ఇల్లు, 'లెఖెమ్' రొట్టె. ఇవాళ టెల్ అవీవ్‌లో కొట్టుకెళ్లి రొట్టె కావాలన్నా ఆ లెఖెమ్‌నే అడగాలి. ఆసుపత్రి 'బేత్ ఖోలీమ్', రోగుల ఇల్లు. బడి 'బేత్ సేఫెర్', పుస్తకాల ఇల్లు. కాఫీ తాగే చోటు 'బేత్ కఫే'. ఎబెనెజరు అన్న పేరు మనలో చాలామందికి ఉంది, సహాయపు రాయి అని దానర్థం. ఆ సహాయమే 'ఎజ్రా'. ప్రథమ చికిత్సను 'ఎజ్రా రిషోనా' అంటారు.

నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇజ్రాయెల్ వెళ్లి, అక్కడి వృద్ధులను కంటికి రెప్పలా చూసుకుంటున్న మనవాళ్లు ఎందరో ఉన్నారు. బయల్దేరేముందు నోటుబుక్కులో ఓ రెండు వందల మాటలు రాసుకుని బట్టీ పడతారు. అక్కడికెళ్లాక ఎదుటి మనిషి గబగబా మాట్లాడితే ఒక్కటీ గుర్తుకు రాదు. అది జ్ఞాపకశక్తి లోపం అనుకుని కుంగిపోతారు. నిజానికి లోపం నేర్చుకున్న పద్ధతిలో ఉంది. మాటను ఎవరు, ఎవరితో, ఏ వేళ అన్నారో దాంతోపాటే మనసులో పెట్టుకోవాలి.

'షలోమ్' చూడండి. శాంతి అని అందరికీ తెలుసు. కలిసినప్పుడూ షలోమే, సెలవు తీసుకునేటప్పుడూ షలోమే. 'ష', 'ల', 'మ' అన్న మూడు హల్లులు దాని వేరు. అదే వేరు నుంచి 'షలేమ్' వచ్చింది, అంటే లోటులేనిది, పూర్తిగా ఉన్నది. 'లెషలేమ్' అంటే డబ్బు చెల్లించడం. బాకీ తీరితే లెక్క పూర్తవుతుంది కదా! జబ్బుపడ్డ మనిషికి 'రెఫువా ష్లేమా' అని చెబుతారు, పూర్తిగా కోలుకోవాలని. కొట్లో బిల్లు దగ్గరా, మంచం పక్కనా వినిపించేది ఒకే వేరు. ఇలా ఒక వేరు పట్టుకుంటే నాలుగు మాటలు వాటంతటవే వస్తాయి.

ఎవరైనా కొత్త చొక్కా వేసుకొస్తే 'తిత్‌ఖదేష్' అంటారు. ఆడవాళ్లతో అయితే 'తిత్‌ఖద్షీ'. కొత్తదనం పొందు అని అర్థం. మనం కొత్తబట్ట అంచుకు పసుపు రాస్తాం, వాళ్లు ఈ మాట అంటారు. నాకు హీబ్రూలో అన్నిటికంటే ఇష్టమైన మాట ఇదే. దీన్ని వాడాలంటే ఎదుటి మనిషి ఒంటిమీద కొత్తబట్ట మన కంటపడాలి. మాట నేర్చుకోవడమంటే మనిషిని గమనించడం నేర్చుకోవడమేనని నాకు దీంతోనే అర్థమైంది.

తెలుగువాడికి ఇక్కడ ఒక వరం ఉంది. హీబ్రూలో 'నాకు ఉంది' అనడానికి 'యేష్ లీ' అంటారు. యేష్ ఉంది, లీ నాకు. 'కర్ లీ' అంటే నాకు చలి. 'కోఏవ్ లీ' అంటే నాకు నొప్పిగా ఉంది. అచ్చం మన వాక్యం! ఇంగ్లిష్‌లోంచి తిప్పుకోకుండా తెలుగులోంచి నేరుగా వెళ్లండి, సగం శ్రమ తగ్గుతుంది. నెమ్మదిగా అనడానికి 'లెఆత్ లెఆత్' అని, మన 'మెల్లమెల్లగా' లాగే, మాటను రెండుసార్లు అంటారు.

కష్టం ఉన్నచోటు వేరే. ఒక పెద్దాయనను చూసుకునే అమ్మాయి రోజంతా ఆయన నోట 'అనీ రోత్సే మాయిమ్', నాకు నీళ్లు కావాలి, అని వింటుంది. తనకు దాహం వేసినప్పుడు అదే వాక్యం అప్పజెబుతుంది. కానీ అది మగవాళ్లు అనే మాట. ఆమె 'రోత్సా' అనాలి. ఆయన నవ్వుతూ దిద్దుతాడు. ఆ నవ్వుకు ముడుచుకుపోయి మర్నాటి నుంచి సైగలతో సరిపెట్టుకునేవాళ్లున్నారు. వెంటనే 'రోత్సా' అని మళ్లీ గట్టిగా అనేవాళ్లూ ఉన్నారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఇంటిల్లిపాదితో కబుర్లు చెప్పేది ఈ రెండోవాళ్లే. ఇంకో ఇబ్బంది, ఆ భాషలో 'మీరు' అన్న మర్యాద లేదు. ఎనభై ఏళ్ల పెద్దాయననైనా 'అతా', నువ్వు, అనాలి. మనకు నోరు రాదు. ఆ గౌరవమంతా గొంతులోనూ, 'బెవకషా' అన్న మాటలోనూ చూపించాలి. దయచేసి అన్నా అదే, ఫర్వాలేదు అన్నా అదే.

అసలు ఈ భాషే ఇళ్లలో వాడకం వల్ల తిరిగి లేచింది. హీబ్రూను మళ్లీ ఇంటి భాషగా చేయాలని పట్టుబట్టిన ఎలియెజెర్ బెన్ యెహూదా 1881లో జెరూసలేం చేరేనాటికి హీబ్రూ ప్రార్థనల్లో, చదువుల్లో, రాతల్లో ఉందిగానీ తల్లి ఒళ్లో పిల్లలు నేర్చే భాషగా లేదు. 1882లో కొడుకు పుడితే ఇంట్లో హీబ్రూ తప్ప మరో మాట వాడికి వినిపించనివ్వలేదు. నిఘంటువుకూ మాట లేకపోతే 'మిలా', అంటే మాట, నుంచి 'మిలోన్' తయారుచేశాడు. ఐస్‌క్రీమ్‌కు 'గ్లీదా' అన్నాడు. తర్వాత అదే దారిలో 1949లో జెరూసలేంలో మొదటి 'ఉల్పాన్' తెరిచారు. రకరకాల దేశాల నుంచి వచ్చినవాళ్లకు హీబ్రూను హీబ్రూలోనే నేర్పే బడి అది.

మీ ఇంట్లోంచి ఎవరైనా చెల్లెలో తమ్ముడో అక్కడికి బయల్దేరుతుంటే, వాళ్ల చేతిలో మాటల జాబితా పెట్టి ఊరుకోకండి. 'ఎయ్‌ఫో కోఏవ్?', ఎక్కడ నొప్పి?, అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టించండి. పెద్దాయనతో అయితే చివర 'లెఖా' అనాలనీ, పెద్దావిడతో అయితే 'లాఖ్' అనాలనీ చెప్పండి. అడిగాక, ఆ పెద్దవాళ్లు చెప్పేది అర్థం కాకపోయినా చివరిదాకా వినమని చెప్పండి.