మీ నాన్నకు చెప్పకుండా మాత్రం కాదు

తెనాలి

మేనల్లుడికి,

నువ్వడిగిన ఎనిమిది వేలూ పొద్దున్నే నీ ఖాతాలో వేయించాను, చూసుకో. "నాన్నకు మాత్రం చెప్పొద్దత్తా" అన్నావు చూడు, ఆ ఒక్క మాట నేను వినను. అలాగని నేను చెప్పను, నువ్వే చెప్పాలి. ఎందుకో ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు చెప్పినవన్నీ ఒక కాగితం మీద వేసుకున్నాను, ఆఫీసు అలవాటు పోలేదు మరి. కాలేజీకి కట్టాల్సింది 18 వేలు. మెస్ బాకీ 3 వేలు. ఏదో యాప్‌లో తీసుకున్న అప్పు 5 వేలు. తప్పిన సబ్జెక్టులు రెండు. చివర్లో మెల్లిగా ఇంకో మాట అన్నావు, దాని సంగతి తర్వాత రాస్తాను. మిగతావన్నీ చూస్తే, అంకెల్లో ఇది పెద్ద కష్టమేం కాదురా. నీ ఒక్కడి బుర్రలోనే ఉండిపోయి ఇంతయింది.

కాలేజీ ఆఫీసులో ఫీజుల కిటికీకి ఇవతల కూర్చుని ఉద్యోగం చేసినదాన్ని. అక్కడ నేను పదేపదే చూసింది ఒకటుంది. తండ్రి తువ్వాలు కొంగు ముడి విప్పి, అందులోని నోట్లు నాలికకు వేలు తడుపుకుంటూ ఒకటికి రెండుసార్లు లెక్కపెడుతుంటాడు. వంద నోట్లు, యాభై నోట్లు, మడతలు పడినవి. కొడుకు మాత్రం అల్లంత దూరాన స్తంభం దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటుంటాడు, ఆయనెవరో తనకు తెలియనట్టు. రసీదు మీద పేరు రాయాలి, పిలవండయ్యా అంటే కదిలేవాడు కాదు. ఆ పిల్లలు చెడ్డవాళ్లు కాదు. స్నేహితులు చూస్తారేమోనని సిగ్గు. నువ్వు నాన్నకు చెప్పొద్దనడం కూడా దాదాపు ఆ స్తంభం దగ్గర నిలబడటమే.

నాన్న బాధపడతాడని చెప్పడం లేదంటున్నావు. బాధపడతాడు, నిజమే. కానీ చెప్పకపోతే ఆయన డబ్బు వచ్చే వేళకూ నీ ఫీజు కట్టే వేళకూ పొత్తు కుదిర్చే మనిషే ఉండడు. అసలు చిక్కు ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదువు.

మీ రేపల్లె వైపు కాలువకు నీళ్లొచ్చి నాట్లు పడేసరికి జూలై, ఆగస్టు. అప్పుడు మీ నాన్న చేతిలో ఉన్నదంతా నారుకూ ఎరువుకూ కూలీలకూ పోతుంది. సరిగ్గా అప్పుడే నీ కాలేజీ తెరిచి ఫీజంటారు. వరి కోత నవంబరు, డిసెంబరు. కుప్పలు నూర్చి, ఆసామికి కౌలు బస్తాలు కొలిచి, మిగిలినవి అమ్మి డబ్బు చేతికొచ్చేసరికి సంక్రాంతి దాటుతుంది. నీ సెమిస్టర్ పరీక్షల ముందు బకాయి తీర్చమనేది మాత్రం నవంబరులో. రెండో పంట మొక్కజొన్నో మినుమో అమ్మితే ఆ రాబడి ఏప్రిల్, మే మాట. వరి ఎప్పుడు నాటాలో, ఎప్పుడు కోయాలో నేర్పే వ్యవసాయ కళాశాల 1945 నుంచీ నువ్వు చదివే బాపట్లలోనే ఉంది. అదే ఊళ్లో ఫీజులకు మాత్రం కోతలతో పనిలేదు!

పైగా మీ నాన్న కౌలుదారు. ఆసామి ఒప్పుకుని సంతకం పెడితేనే కౌలు కార్డు. కార్డు లేకపోతే బ్యాంకులో పంట రుణం పుట్టదు, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మీ బాపట్ల దగ్గరే తీరం దాటింది, నువ్వప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. కోసిన ఓదెలు నీళ్లలో తేలాయి. మరుసటి ఏడు సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొదిలారు, కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంకలు మునిగాయి. ఆ దెబ్బల తాలూకు అప్పు ఇంకా ఎంత మిగిలిందో నీకు తెలుసా? అడగలేదు కదూ. ఆయన నీకు చెప్పడు, నువ్వు ఆయనకు చెప్పవు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుంటూ చెరో చోట అప్పు చేస్తున్నారు.

ఇక ఆ 18 వేల సంగతి. నీది కన్వీనర్ కోటా సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. మరి ఎందుకు కట్టమంటున్నారంటే, ప్రభుత్వం నుంచి డబ్బు రావడం ఆలస్యమైనప్పుడల్లా కాలేజీలు "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అనడం మామూలే. 2007-08 ప్రాంతంలో పథకం మొదలైనప్పటి నుంచీ ఈ బాకీల గోల వింటూనే ఉన్నాను. మధ్యలో కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీలకే అన్నారు. పద్ధతి ఏదైనా, ఆలస్యం భారం వచ్చి పడేది మాత్రం మీ నాన్నలాంటి వాళ్ల మీదే. ఇది అన్యాయం. నేను ఆ కిటికీ దగ్గర కూర్చుని జీతం తీసుకున్నదాన్నయినా ఆ మాట అనగలను.

అయినా నీ చేతిలో పనులున్నాయి. ఆ పథకం పోర్టల్ జ్ఞానభూమిలో నీ పేరు మీద దరఖాస్తు ఎక్కడ ఆగిందో ముందు చూడు. వేలిముద్ర పడలేదా, ఆధార్‌కు బ్యాంకు ఖాతా కలవలేదా, హాజరు 75 శాతం తగ్గిందా? హాజరు తగ్గితే పథకమూ చిక్కుల్లో పడుతుంది, అది గుర్తుంచుకో. తర్వాత ప్రిన్సిపాల్ గారికి ఒక అర్జీ రాయి. మా నాన్న కౌలు రైతు, పంట డబ్బు జనవరిలో వస్తుంది, మూడు వాయిదాల్లో కట్టనివ్వండి అని. పక్కన నాన్న సంతకం ఉండాలి. చూశావా, ఆయనకు చెప్పకుండా ఇదీ కుదరదు. నోటిమాటగా అడిగిన వాళ్లను రేపు రమ్మని తిప్పేవాళ్లం. కాగితం ఇచ్చి, జిరాక్స్ మీద స్టాంపు వేయించుకున్న వాడి పని ఎలాగోలా కదిలేది. ఫీజు బాకీ ఉందని ఎవరైనా నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుంటే, అలా అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. పోట్లాటగా కాదు, మర్యాదగానే ఆ మాట అర్జీలో రాయొచ్చు.

ఇంకా కావాలంటే విద్యారుణం ఉంది. 4 లక్షల లోపైతే తాకట్టు అక్కర్లేదు, తల్లో తండ్రో నీతోపాటు సంతకం చేస్తే చాలు. మామూలుగా కోర్సు అయ్యాక ఏడాది దాకా వాయిదాలు మొదలవవు. మీ నాన్నకు బ్యాంకంటే భయం, నాకు తెలుసు. బంగారం కొట్టువాడి దగ్గర వదిన గొలుసు పెట్టడానికి మాత్రం భయం లేదు! అలాగే మీ చెల్లి వచ్చే ఏడు ఇంజనీరింగులో చేరితే ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఆడపిల్లలకు, ఏడాదికి 50 వేలు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు. మిగతా స్కాలర్‌షిప్‌లతో కలిపి తీసుకోవచ్చో లేదో నిబంధనలు చదువుకుని పెట్టాలి. ఆ పని నీదే. ఇంట్లో ఆ అప్లికేషన్లు చదవగలిగేది నువ్వొక్కడివే.

యాప్ అప్పు గురించి చెబుతాను విను. 5 వేలన్నారు, 3,500 చేతికిచ్చారు, వారం తిరిగేసరికి 5 వేలు కట్టమన్నారు. మన లెక్కలో చూస్తే మూడున్నర వేలకు వారానికి పదిహేను వందల వడ్డీ. నెలకు నూటికి 180 రూపాయల పైమాట. మన బజారులో మూడు రూపాయల వడ్డీ తీసుకునేవాణ్ణి ఊరంతా తిడుతుంది! నేను పంపినదాంట్లో ఐదూ దానికి కట్టేసి, కట్టిన రుజువు ఫోటో తీసి దాచుకో. అడక్కుండా మళ్లీ డబ్బు ఖాతాలో వేసి బాకీ ఉన్నావంటారు, దాన్ని ముట్టుకోకు. అసలు అప్పిచ్చే సంస్థ ఏదో, ఏడాదికి వడ్డీ ఎంతో ముందే చూపాలని, యాప్ నీ ఫోన్లోని నంబర్లు, ఫోటోల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. బెదిరింపు మెసేజ్ ఒక్కటొచ్చినా 1930కి ఫోన్ చెయ్యి. ఆన్‌లైన్ రమ్మీలో గెలిచి తీర్చేద్దామనే ఆలోచన ఉంటే అదీ ఇక్కడితో వదిలెయ్. మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం చేశారు. చట్టం సంగతి అటుంచు, ఆ పేకలో గెలిచి ఫీజు కట్టినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

ఇంతకీ ఆ 3,500 దేనికి ఖర్చయిందని నేనడగలేదు, నువ్వే చెప్పావు. గదిలోవాడి పుట్టినరోజుకు సూర్యలంక వెళ్లారు, బళ్లకు పెట్రోలు, బిర్యానీలు, కేకు, తలా ఇంత వేసుకున్నారు. వెళ్లినందుకు నిన్నేమీ అనను. ఇరవై ఏళ్లవాడు సముద్రం ఒడ్డుకు వెళ్లక ఎక్కడికి వెళతాడు? కానీ "నా దగ్గర వందే ఉందిరా" అనలేకపోయావే, అదీ నాకు బాధ. ఆ మాట ముందుగా ఒకడు అంటే, ఆ గదిలో ఇంకో ఇద్దరు ఊపిరి పీల్చుకుంటారు. వాళ్లూ అప్పు చేసే వచ్చి ఉంటారు. ఫోన్ల దగ్గర, బళ్ల దగ్గర, ఇంగ్లీషు మాట్లాడే దగ్గర ఇదే వరస. అన్నిటికీ సరితూగాలని చూస్తే మీ నాన్న ఎకరాలు ఆసామివి కాకుండా సొంతవైనా చాలవు.

ఆ రెండు సబ్జెక్టులూ సప్లిమెంటరీలో రాయి. దీని గురించి ఎక్కువ చెప్పను. ఇంటర్‌లో తెల్లవారక ముందే లేపి, కూర్చోబెట్టి, రోజూ పరీక్ష పెట్టి చదివించారు. ఇక్కడ లేపేవాడు లేడు. చాలామంది పిల్లలకు మొదటి ఏడాది అక్కడే దెబ్బ తగులుతుంది, తెలివి తక్కువై కాదు. అర్థం కాని లెక్క పుస్తకంలో గుర్తు పెట్టుకుని, ఆ సారు గదిలో ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి అడుగు. నాకు తెలిసిన లెక్చరర్లలో, అలా వచ్చినవాణ్ణి కసిరినవాళ్లు తక్కువ. ఇక బంధువుల ఇళ్లలో "ప్యాకేజీ ఎంతొస్తుంది" అని అడిగేవాళ్లున్నారే, డల్లాస్‌లో ఉన్నవాడితో నిన్ను తూచేవాళ్లు, వాళ్లకు జవాబివ్వడం నీ సిలబస్‌లో లేదు.

మన తెనాలివాడే కొడవటిగంటి కుటుంబరావు, 1909లో పుట్టాడు. బెనారస్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ, ఆర్థిక మాంద్యం దెబ్బకు రెండో ఏడు చదువు ఆపేయాల్సి వచ్చింది. తర్వాత "చదువు" అనే నవలే రాశాడు, 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామ నడిపాడు. చూశావా, డిగ్రీ లేకపోతేనేం అని నేననబోవడం లేదు. ఒక్క మహానుభావుణ్ణి చూపించి మిగతావాళ్లందరికీ ధైర్యం చెప్పడం నాకు గిట్టదు. నేను చెప్పేది వేరు. డబ్బు లేక చదువు ఆగడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అది ఆ పిల్లవాడి తప్పు అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. నీది చదువు ఆగే పరిస్థితి కూడా కాదు.

ఇక చివర్లో నువ్వన్న మాట. "ఇదంతా ఎందుకత్తా, నేను లేకపోతే వాళ్లకే తేలిక" అన్నావు. ఏదో విసుగులో అన్నాలే అని నవ్వేశావు కూడా. నేను నవ్వలేదు. నీకు ఆ ఊహ వస్తోందా అని సూటిగానే అడుగుతున్నాను, సూటిగానే చెప్పు, కోప్పడను. మళ్లీ వస్తే రాత్రి రెండు గంటలైనా సరే నాకు ఫోన్ చెయ్యి, గదిలోవాణ్ణి లేపు, ఒంటరిగా ఉండకు. నాతో చెప్పలేననిపిస్తే 14416, టెలిమానస్, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చి చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక కౌన్సెలర్‌ను పెట్టాలని అందులో ఉంది. మీ కాలేజీలో ఆ మనిషి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో సోమవారం కనుక్కుని నాకు చెప్పు. నువ్వు లేకపోతే ఎవరికీ తేలిక కాదురా. 18 వేలకు నిన్ను తూచుకునే ఇల్లు కాదు మనది.

శనివారం క్లాసులయ్యాక తెనాలి రా. రాత్రికి ఇక్కడే తిని పడుకో, ఆదివారం పొద్దున్నే పాసింజరెక్కి ఇద్దరం రేపల్లె వెళదాం. ఫీజు నోటీసు, మార్కుల మెమోలు, యాప్ వాళ్ల మెసేజ్‌లు, జ్ఞానభూమి ప్రింటు, అన్నీ ఒక కవర్లో పెట్టుకుని తీసుకురా. ఛార్జీకి లేకపోతే మొహమాటపడకుండా ఇప్పుడే చెప్పు. మీ నాన్న దగ్గర మాట నువ్వే మొదలుపెట్టాలి. పక్కన నేనుంటాను.

మీ అత్తయ్య