ఛార్జీ అంటే ఎంత?

ఒక ఇంగ్లీషు మాట గురించి రాయడానికి నీకేం యోగ్యత ఉందని మీరు అడగవచ్చు. నేను ఫిజిక్సు విద్యార్థిని. ఇంగ్లీషులో నా మార్కులు ఇక్కడ చెప్పుకోదగ్గవి కావు. కాని ఆ ఒక్క మాట సరిగా తెలియక మా ఇంటిల్లిపాదినీ మూడు నెలలు తిప్పలు పెట్టిన ఘనుణ్ణి కనుక, దాని మీద మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను. ఆ మాట ఛార్జి.

అదేం తెలియని మాటా? బస్సు ఛార్జీ, కరెంటు ఛార్జీ, ఫోను ఛార్జింగు. అక్షరం ముక్క రాని మా మామ్మ కూడా "ఒరే, ఫోనుకి సార్జింగు నేదురా" అంటుంది. తెలిసిన మాటే ముంచుతుందని నాకప్పుడు తెలియదు.

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా నాన్న వ్యవసాయ అప్పు కాగితాలు ఇంటికి తెచ్చాడు. అంతా ఇంగ్లీషే. "నువ్వు సదువుకున్నోడివి కదా, ఏటి రాసినారో సూడు" అన్నాడు. ఒకచోట మా భూమి సర్వే నంబరు వేసి, దాని మీద "ఫస్ట్ ఛార్జ్" అని ఉంది. ఫస్ట్ అంటే మొదటిది, ఛార్జ్ అంటే రుసుము. "ఏం లేదు నాన్నా, మొదట్లో ఏదో ఫీజు పట్టుకుంటారట" అన్నాను. "అంతేనా?" అని నాన్న సంతకం పెట్టేశాడు. కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు మాట్లాడితే వెంకమ్మ మురిసిపోతుంది చూడండి, ఆవేళ మా అమ్మ ముఖం అలాగే ఉంది. విజయనగరంలో గురజాడ వారు ఆ నాటకాన్ని 1892లో ఆడించారు. వెంకటేశం మాత్రం ఇంకా మన ఇళ్ళల్లోనే ఉన్నాడు.

మరుసటి ఏడు మా అప్ప పెళ్ళికని నలభై సెంట్లు బేరం పెట్టాం. బయానా ఇచ్చినాయన ఈసీ తీయించి చూస్తే, భూమి మీద ఛార్జి ఉందని తేలింది. ఆయన వెనక్కి తగ్గాడు. నాన్న జీడితోట కాపు మొత్తం ముందుగానే, వచ్చిన ధరకే గుత్తకిచ్చి అప్పు కట్టేశాడు. మాఘమాసంలో కావలసిన పెళ్ళి వైశాఖానికి వెళ్ళింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

చట్టంలో ఛార్జి అంటే ఫీజు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం నూరవ సెక్షనులో దీని వివరం ఉంది. ఒకరి స్థిరాస్తిని మరొకరికి రావలసిన సొమ్ముకు హామీగా నిలిపి, అది తనఖా కిందికి రాకపోతే దాన్ని ఛార్జి అంటారు. భూమి మన పేరునే ఉంటుంది, మనమే దున్నుతాం, కాని దాని నెత్తిన బాకీ కూర్చుని ఉంటుంది. "ఫస్ట్" అంటే, ఆ భూమి నుంచి సొమ్ము రాబట్టే వరసలో మొదటివాడు అప్పిచ్చినవాడేనని. ఈసీ అనే పొట్టిపేరు వెనకున్న ఎన్‌కంబరెన్స్ అనే మాటకు అర్థం కూడా బరువే.

ఆ కోపంలో లైబ్రరీకి వెళ్ళి పెద్ద నిఘంటువు తీశాను. ఆశ్చర్యం ఏమిటంటే, ఈ మాట పుట్టింది బండిలోంచి. లాటిన్‌లో కర్రస్ అంటే బండి. దానిమీంచి బండికి బరువెత్తడం అనే క్రియ పుట్టింది. అది ఫ్రెంచిలోకి, అక్కణ్ణించి ఇంగ్లీషులోకి వచ్చి ఛార్జి అయింది. కారు, కార్గో, క్యారీ అన్నీ దీని చుట్టాలే. మనం రాత్రింబగళ్ళు బెంగపడే కెరీర్ కూడా మొదట బళ్ళు నడిచే దారే. మా తాత ఆమదాలవలస పంచదార ఫ్యాక్టరీకి చెరకు బండి తోలిన మనిషి. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది, బండి చక్రాలు మాత్రం మా పశువులశాలలో ఉన్నాయి. ఈ మాట గురించి నాకంటే తాతే బాగా చెప్పగలిగేవాడేమో!

బండినీ బరువునూ మనసులో పెట్టుకుంటే మిగతా అర్థాలు వాటంతటవే దారిలోకి వస్తాయి. మనమీద పడే డబ్బు బరువు ఛార్జీ. (బస్సుకిచ్చేదాన్ని ఇంగ్లీషువాళ్ళు ఫేర్ అంటారు, ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి.) ఆఫీసరు నెత్తికెత్తుకునే బాధ్యత ఛార్జి, ఎత్తుకున్నవాడు ఇన్‌ఛార్జి. మనిషి మీద మోపే నేరం కూడా ఛార్జే. మోపడం అన్న మన మాటలోనూ బరువే ఉంది కదా! ఛార్జిషీటు పడగానే దోషి అయిపోయాడనుకుంటారు మా ఊళ్ళో. అది పోలీసుల నివేదిక మాత్రమే. అభియోగం నమోదు చేయాలా వద్దా అన్నది ఆ తరవాత కోర్టు తేల్చే సంగతి. తుపాకీలో దట్టించే మందు, గరివిడిలో నడిచిన ఫెర్రో మాంగనీసు కొలిముల్లాంటి వాటిలో పోసే ఖనిజం, కోకు, వీటినీ ఛార్జి అనే అంటారు.

ఇక లాఠీఛార్జి. బలమంతా ముందుకు తోసి ఎదుటివాడి మీద పడటం. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపు మీద హైదరాబాదు బషీర్‌బాగ్‌లో జరిగిన ప్రదర్శనపై లాఠీఛార్జి, కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఒక్క వార్తలో ఒకే మాట రెండు అర్థాలతో! మన జిల్లాలో 2010 జూలై 14న సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న రైతులూ మత్స్యకారులూ ఆ మాటను ఒంటిమీదే నేర్చుకున్నారు. కాల్పుల్లో ఇద్దరు పోయారు. కేంద్రం రాలేదు, బీల మిగిలింది.

నా సబ్జెక్టుకి వస్తాను. ఫిజిక్సులో ఛార్జి పదార్థానికుండే ఒక గుణం. 1740లలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లేడెన్ జాడీలతో ప్రయోగాలు చేస్తూ విద్యుత్తును జాడీలోకి నింపడాన్ని ఈ మాటతో చెప్పాడు. ధనం, రుణం అన్న పేర్లూ ఆయనవే. ఎలక్ట్రాను ఛార్జి పరిమాణాన్ని 2019 మే 20 నుంచి సరిగ్గా 1.602176634×10⁻¹⁹ కూలుంబులుగా స్థిరపరిచారు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఫోను ఛార్జి చేస్తే అందులో ఛార్జి పెరుగుతుందా? పెరగదు! ఒక కొసన ఎన్ని ఎలక్ట్రాన్లు లోపలికి వెళతాయో రెండో కొసన అన్నీ బయటికి వస్తాయి. 4000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండటానికి దాదాపు 14,400 కూలుంబులు దాని గుండా సాగుతాయి, నిలవుండేది మాత్రం సున్న. నిల్వయ్యేది రసాయనిక శక్తి. ఒక్కొక్క కూలుంబు ఛార్జి ఉన్న రెండు వస్తువుల్ని మీటరు ఎడంలో పెడితే వాటి మధ్య బలం 900 కోట్ల న్యూటన్లు, సుమారు తొమ్మిది లక్షల టన్నుల బరువు. పద్నాలుగు వేల కూలుంబులు నిజంగా లోపలే ఉండిపోతే ఫోనూ ఉండదు, జేబూ ఉండదు. సెకండియర్ వైవాలో నేను దీన్ని తప్పు చెప్పాను. మా ఇంట్లో పంట నష్టమైనంత అవలేదు లెండి.

అయితే మామ్మ ఏమంటుందో గమనించారా? "సార్జింగు ఎక్కింది", "సార్జింగు దిగిపోనాది." బండికి బస్తాలు ఎక్కించినట్టూ దించినట్టూనే! లాటిన్ నిఘంటువు చూడకుండానే ఆవిడ మాటను పుట్టింటికి చేర్చింది. దిగిపోవడమే డిశ్చార్జి. ఆస్పత్రిలో రోగికైనా, బ్యాటరీకైనా, బాకీకైనా.

జీడితోట డబ్బుతో అప్పు తీర్చిన వారం నాన్నా నేనూ మళ్ళీ అక్కడికే వెళ్ళాం. ఛార్జిని డిశ్చార్జి చేసి రిజిస్ట్రారు ఆఫీసుకు కాగితం పంపమని దరఖాస్తు నేనే ఇంగ్లీషులో రాశాను. ఈసారి నాన్న వెంటనే సంతకం పెట్టలేదు. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చూపిస్తూ "ఇదేటి? మరిదేటి?" అని అడిగాడు. తెలిసినవి చెప్పాను, తెలియని ఒక మాటకి ఫోనులో నిఘంటువు చూశాను. మూడు లైన్లకి అరగంట పట్టింది. వెనక లైనులో ఒకాయన విసుక్కున్నాడు. ఇంకొకాయన మాత్రం ముందుకొచ్చి, తన చేతిలోని కాగితం చాచి, "బాబూ, ఇదీ ఓపాలి సూసి సెప్పీ" అన్నాడు.