కౌలు

కౌలు. రెండే అక్షరాలు. 'క'కు ఔత్వం ఇస్తే 'కౌ'. పక్కన 'లు'.

పల్నాడులో ఈ మాట తెలియని ఇల్లు ఉండదు. మాచర్ల, గురజాల, నరసరావుపేట, ఏ వైపు మిరప చేలో అడిగినా వినపడుతుంది.

"చేను మీదేనా వదినా?"

"కాదమ్మా, కౌలుకు చేస్తన్నాం."

మరి ఈ మాట ఎక్కడిది? తెలుగుది కాదు. చాలా దూరం నుంచి వచ్చింది. అరబ్బుల భాషలో 'ఖౌల్' అంటే మాట. నోటితో చెప్పిన మాట, అంతే. అందులో భూమీ లేదు, పైరూ లేదు. దర్గాల దగ్గర పాడే కవ్వాలీ ఉంది కదా, ఆ పేరు కూడా ఈ మాట నుంచే పుట్టింది.

ఈ మాట పారశీ భాషలోకి వచ్చింది. అక్కడ 'ఇచ్చిన మాట', 'ఒప్పందం' అయింది. గోల్కొండ సుల్తానుల కచేరీల్లో పారశీ నడిచేది. అలా కచేరీ మాటలు రైతుల నోటికి ఎక్కాయి. 'కౌలుదారు'లో 'దారు' కూడా పారశీయే. పట్టాదారు, చౌకీదారు అన్నట్టే.

మరాఠీ వాళ్లకూ 'కౌల్' ఉంది. కొంకణంలో దేవుణ్ణి కౌల్ అడుగుతారు. విగ్రహానికి అంటించిన పువ్వు ఏ వైపు రాలితే అది దేవుడి మాట! ఎన్నికల్లో ప్రజలిచ్చే తీర్పునూ వాళ్లు కౌల్ అనే అంటారు.

ఇంగ్లీషు వాళ్లూ ఈ మాట వాడారు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసు దగ్గర కోట కట్టుకోమని కంపెనీ వాళ్లకు కాయితం ఇచ్చాడు. ఆ కాయితాన్ని వాళ్లు 'కౌల్' అన్నారు. వ్యాపారం చేసేవాళ్లు కదా, నోటిమాటతో ఊరుకోలేదు. రాయించుకున్నారు.

మన చేలల్లో మాత్రం కౌలు చాలావరకు నోటిమాటగానే మిగిలింది. కౌలు డబ్బు కట్టేది కౌలుదారు. విత్తనం, ఎరువు, మందు, కూలి, అన్నీ ఆ ఇంటివే. కానీ కాయితం లేకపోతే బ్యాంకులో పంట అప్పు పుట్టదు. వాన కొట్టి మిర్చి కల్లంలోనే తడిసిపోతే, నష్టపరిహారం పట్టా ఉన్నవాళ్ల పేరుకే పోతుంది.

అందుకే 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. 2019 చట్టం కింద కౌలుదారుకు 11 నెలల పత్రం ఇస్తారు. పంట మీదే హక్కు, భూమి మీద కాదు. అయినా భూమి గలవాళ్లు సంతకం పెట్టాలి. చాలామంది భయపడి పెట్టరు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ కాయితంలో చేను సర్వే నంబరు ఉండాలి. ఎన్ని ఎకరాలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో ఉండాలి. సాగు చేసే మనిషి పేరు ఉండాలి. చేసేది ఆడమనిషి అయితే ఆమె పేరే రాయించుకోవాలి.