ప్రశ్నలు - జవాబులు: పెద్దవాళ్ల పింఛను, చూసుకునేవాళ్ల కష్టం

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది, మంచం మీదే అన్నీ. ఆవిడను చూసుకోవడానికి కుట్టుపని మానేశాను. ఆవిడకు వృద్ధాప్య పింఛను 4,000 వస్తోంది. రోజంతా చేసే నాకు గవర్నమెంటు ఏమైనా ఇస్తుందా?
— ఒక కోడలు

జవాబు: నీ పేరు మీద ఏమీ రాదమ్మా. సంరక్షకులకు భృతి ఇవ్వవచ్చన్న మాట 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో నెలకు 600 పెట్టారు. మన దగ్గర అలా చూసుకునేవాళ్ల పేరిట విడిగా ఇచ్చేది లేదు. ఇంట్లో ఆడపిల్ల చేసే చాకిరీకి ఖర్చు రాయడం మన లెక్కల పుస్తకాలకు అలవాటు లేదు.

కానీ మీ అత్తగారి పేరు మీద రావలసింది ఇంకా ఉండవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఎన్టీఆర్ భరోసా రేట్లు పెంచినప్పుడు వృద్ధాప్య పింఛను 4,000, వికలాంగుల పింఛను 6,000 అయ్యాయి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఆవిడ పక్షవాతం రాకముందు నుంచీ వృద్ధాప్యం కోటాలో ఉండి, అందులోనే ఉండిపోయి ఉంటారు. మార్చమని ఎవరూ అడగకపోతే అది తనంతట తాను మారదు.

గ్రామ సచివాలయానికి వెళ్లి వెల్ఫేర్ అసిస్టెంటుతో మాట్లాడు. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ కావాలి. ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, అప్పటి స్కాన్ రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ ఒకే కవర్లో పెట్టుకో. ఒక్క పింఛనే ఇస్తారు, పాతది పోయి కొత్తది వస్తుంది. 15,000కు తూగదన్నా, నలభై శాతం వైకల్యం ఉంటే 6,000 వర్గమైనా అడగవచ్చు.

ఇంకో సంగతి. మంచం పట్టినవాళ్లను పరీక్షించడానికి డాక్టర్లు ఇంటికే వస్తుంటారు. డాక్టరు వస్తున్నాడనగానే మనం ఏం చేస్తాం? తల దువ్వి, ఉతికిన చీర కట్టి, వెనక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెడతాం. "ఎలా ఉన్నారమ్మా?" అంటే ఆవిడ పళ్లు బిగబట్టి "బాగానే ఉన్నాను బాబూ" అంటుంది. ఆయన అదే రాసుకుంటాడు! రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండనివ్వు. అన్నం ఎవరు తినిపిస్తారు, బాత్రూముకు ఎవరు ఎత్తుకెళతారు, ఏ చెయ్యి ఆడదు అన్నీ నువ్వు చెప్పు.

డబ్బు పెరిగిందనగానే మీ మరుదులూ ఆడపడుచులూ "ఇంకేం, గవర్నమెంటే చూసుకుంటోందిగా" అంటారేమో. తల్లిని చూసుకునే బాధ్యత చట్టం ప్రకారం కొడుకులూ కూతుళ్లూ అందరిదీను. ఆయా చేత చేయిస్తే మీ ఊళ్లో ఎంత తీసుకుంటుందో కనుక్కుని, ఆ అంకె చెప్పి తలా ఇంతని అడగమను మీ ఆయనను. నువ్వు అడిగితే గొడవ, ఆయన అడిగితే లెక్క.

ప్రశ్న: నాకు ఆంధ్రలో పింఛను వస్తుంది. మనవడి బారసాలకు హైదరాబాద్ వచ్చి ఉండిపోయాను. నెలనెలా ఒకటో తారీఖుకు ఊరెళ్లాలా?

జవాబు: ప్రతి నెలా అక్కర్లేదు. రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో అన్నీ కలిపి ఇస్తారు. ఆ మూడో నెల కూడా దాటితే వలస వెళ్లారని ఆపేస్తారు. బారసాల అయింది కదా, ఈసారి మనవడిని ఒళ్లో పెట్టుకుని మీరే ఊరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72. ప్రైవేటు స్కూల్లో చేశారు, తెల్లకార్డు లేదు. ఆయుష్మాన్ కార్డు మాకిస్తారా?
— నిజామాబాద్

జవాబు: 2024 అక్టోబరు 29 నుంచి డెబ్బై నిండినవాళ్లకు ఆదాయంతో పని లేదు, ఆధార్‌లో వయసు చాలు. వయవందన కార్డంటారు. ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. అమ్మగారికీ డెబ్బై దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ఆస్పత్రిలో చేరితేనే వర్తిస్తుంది, నెలనెలా కొనే బీపీ మందులకు కాదు. మీరు వెళ్లే ఆస్పత్రి పథకంలో ఉందో లేదో జబ్బు లేనప్పుడే కనుక్కోండి.

ప్రశ్న: నేను గుంటూరులో ఉంటాను. ఇల్లు అబ్బాయికి దానంగా రిజిస్టర్ చేశాను. ఇప్పుడు వెనక గదిలో ఉండమంటున్నారు, వంట వేరు. పోలీసులకు చెప్పాలా, కోర్టుకెళ్లాలా?
— రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ముందు ఆర్డీవో ఆఫీసుకు వెళ్లండి మాస్టారూ. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్ అక్కడే ఉంటుంది. తెల్లకాగితం మీద రాసిచ్చినా చాలు. నెలకు 10,000 వరకు పోషణ ఇప్పించవచ్చు. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలని చట్టం. దారి తెలియకపోతే 14567కు ఫోన్ చేయండి, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ అది.

ఇల్లు వెనక్కి రావడం మాత్రం దస్తావేజులో ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది. పోషిస్తాడన్న షరతుతో ఇచ్చి, అతను పోషించకపోతే ఆ దానం రద్దు చేయమని ఇరవై మూడో సెక్షన్ కింద అడగవచ్చు. షరతు ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో కేసులో, ఇది పెద్దల మేలు కోసం వచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలంటూ ఒక తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. ఆ కేసులో కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. మీ అబ్బాయి ఎప్పుడైనా ఏదైనా రాసిచ్చాడేమో వెతకండి.

మన దస్తావేజు లేఖరులు "ప్రేమాభిమానములతో" అని రాసి ఊరుకుంటారు. ఇంకా రాయనివాళ్లు "జీవితాంతం తిండి, వసతి, వైద్యం చూడాలి, లేనిపక్షంలో రద్దు" అని రెండు వాక్యాలు రాయించండి. లేదంటే వీలునామా రాయండి, బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. అబ్బాయి నొచ్చుకుంటాడని మీరు సిగ్గుపడనక్కర్లేదు.

ప్రశ్న: నాన్నకు పీఎఫ్ పింఛను 1,400 వస్తుంది. మిల్లులో పనిచేసిన చేతులు, వేలిముద్రలు పడవు. లైఫ్ సర్టిఫికెట్ ఎలా?

జవాబు: ముఖం చూపించి ఫోన్లోనే ఇవ్వవచ్చు. జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు ఆధార్ ఫేస్ యాప్ కూడా వేయాలి. వెలుతురు ఎదురుగా పడేలా కూర్చోబెట్టి, కళ్లజోడు తీయించి, రెప్పలు ఆర్పమనండి. పీఎఫ్ వాళ్లకు నవంబరే కానక్కర్లేదు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే ఏర్పాటూ ఉంది. పనిలో పని, పింఛను పత్రంలో మీ అమ్మగారి పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూడండి. ఆయన తర్వాత ఆవిడకు పింఛను వస్తుంది, సగం లెక్కన తక్కువైనా 1,000కు తగ్గదు. ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉన్నా ఆఫీసుల చుట్టూ తిరగాలి, అదేదో ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే సరిచేయించండి.