మంటలో వెదురు ఎందుకు పేలుతుంది?



చలికాలం మన ఊళ్ళల్లో పొద్దున్నే మంట వేసుకుంటాం గదా. పోయిన సంక్రాంతి సెలవుల్లో మా తమ్ముడు చీల్చని పచ్చి వెదురు ముక్క మంటలో పెట్టాడు. కాసేపటికి 'ఠాప్' మని పేలింది. నిప్పురవ్వ వాడి కంటి కింద తగిలింది. కన్ను పోలేదు గాని మచ్చ ఉండిపోయింది. పక్కనే ఉన్నందుకు అమ్మమ్మ నన్నే తిట్టింది. ఎందుకు పేలిందని అడిగితే "లోపల గాలి ఉంటాది, దానికి దారి ఉండదు" అంది. అమ్మమ్మ బడికి వెళ్ళలేదు. వాయువుల పాఠం విన్నాక ఆమె చెప్పింది నిజమేనని తెలిసింది.

వాయువుకు ఉష్ణోగ్రత, పీడనం, ఘనపరిమాణం అని మూడు ఉంటాయి. ఒకటి మారితే మిగతావి ఊరుకోవు.

1. బాయిల్ నియమం (1662): ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే, ఘనపరిమాణం తగ్గేకొద్దీ పీడనం పెరుగుతుంది. సూది లేని కొత్త సిరంజిలో 10 మి.లీ. గాలి లాగి, మూతి వేలితో మూసి నొక్కండి. గాలి 5 మి.లీ. అయితే పీడనం రెండింతలు అవుతుంది. వేలికే తెలుస్తుంది.

2. చార్లెస్ నియమం: పీడనం స్థిరంగా ఉంటే, వేడెక్కిన వాయువు ఘనపరిమాణం పెరుగుతుంది. ఖాళీ సీసా మూతికి బుడగ తగిలించి వేడినీళ్ళలో పెట్టండి. బుడగ లేస్తుంది. చన్నీళ్ళలో పెడితే వాలిపోతుంది.

3. ఘనపరిమాణం స్థిరంగా ఉంటే: వేడెక్కిన వాయువు పీడనం పెరుగుతుంది. వెదురు సంగతి ఇదే. రెండు కణుపుల మధ్య గాలి మూసిన గదిలో ఉన్నట్టు ఉంటుంది. పెద్దది కావడానికి చోటు లేదు.

లెక్క చూద్దాం. గాలి 27 డిగ్రీల సెల్సియస్ నుంచి 327 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. పీడనం 12 రెట్లు అని నేను రాశాను. తప్పు! 273 కలిపి కెల్విన్‌లోకి మార్చాలి. 27 + 273 = 300. 327 + 273 = 600. కాబట్టి గాలి పీడనం 2 రెట్లే. కాని పచ్చి వెదురులో తడి ఉంటుంది. అది ఆవిరై పీడనం ఇంకా పెంచుతుంది. వెదురు గోడ ఆగలేక పగులుతుంది.

మరి బొంగులో కోడికూర వండితే ఎందుకు పేలదు? మూతికి ఆకులే కుక్కుతారు. ఆవిరికి దారి ఉంటుంది.

అందుకే చెల్లెళ్ళారా, వెదురు చీల్చి మంటలో వేయండి. మూత బిగించిన డబ్బా, ఖాళీ స్ప్రే డబ్బా, పాత లైటరు అసలు వేయకండి. ఇంటికి వెళ్ళినప్పుడు తమ్ముళ్ళకూ చెప్పండి.

మీకు ప్రశ్న: ఎండలో పెట్టిన సైకిల్ చక్రం ఎందుకు గట్టిపడుతుంది? జవాబు కాగితం మీద రాసి ఈ పత్రిక కింద అంటించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని