తెగేదాకా లాగకండి, కొలిచి బిగించండి!

ఎంత బిగిస్తే అంత బాగా పని జరుగుతుందని అనుకుంటున్నారా? అయితే ఒక చిన్న రేస్ కారు వెనక భాగం చూద్దాం రండి.

సుప్రా ఎస్‌ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి పోటీల కోసం ఇంజినీరింగ్ విద్యార్థులు తయారుచేసే ఒంటి సీటు కారు అది. ఇలాంటి చాలా కార్లలో ఉండేది బైక్ ఇంజినే. ఇంజిన్ వైపు చిన్న స్ప్రాకెట్ (పళ్ల చక్రం), వెనక చక్రాలని తిప్పే డిఫరెన్షియల్ వైపు పెద్ద స్ప్రాకెట్. రెంటినీ కలిపేది ఒక్క చైన్.

ఆ చైన్‌ని కావాలనే కాస్త వదులుగా ఉంచుతారు!

మరీ బిగిస్తే బేరింగుల మీద భారం పడుతుంది. చైన్ వేడెక్కి త్వరగా అరిగిపోతుంది. మరీ వదిలేస్తే పళ్ల మీంచి దూకుతుంది, ఊడిపోతుంది. తెగితే ప్రాణాల మీదికే వస్తుంది. అందుకే ఫార్ములా ఎస్‌ఏఈ రూల్స్ ప్రకారం చైన్‌కి కనీసం 2.66 మిల్లీమీటర్ల మందం స్టీలు కవచం ఉండాలి.

మీ టైమ్‌టేబుల్ కూడా ఇంతే. ఊపిరాడని ప్లాన్ వారం తిరక్కుండానే తెగుతుంది. ప్లానే లేకపోతే బండి కదలదు. సరైన బిగువు నేర్చుకోవచ్చు. మీరూ నేర్చుకోగలరు. ఇవిగో ఐదు అడుగులు.

1. టైట్ స్పాట్ పట్టుకోండి. చైన్ అంతటా ఒకేలా అరగదు. ఇంజిన్ ఆపి, చక్రాన్ని మెల్లగా చేత్తో తిప్పండి. ఎక్కడ ఎక్కువ బిగుసుకుంటుందో అక్కడే కొలవండి. మీ వారంలో అలాంటి రోజు ఏది? ఆ రోజుకి సరిపోయే ప్లాన్ వేస్తే మిగతా ఆరు రోజులూ సాఫీగా నడుస్తాయి.

2. స్కేలు పెట్టండి. రెండు స్ప్రాకెట్లకీ సరిగ్గా మధ్యలో చైన్‌ని వేలితో పైకీ కిందికీ కదపండి. స్ప్రాకెట్ల కేంద్రాల మధ్య దూరంలో సుమారు 2 శాతం ఆడాలన్నది వాడుకలో ఉన్న లెక్క. దూరం 500 మిల్లీమీటర్లైతే ఆట 10 మిల్లీమీటర్లు. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఫైనల్.

అంకె విలువ గోదారి ఒడ్డున ఉండే ధవళేశ్వరం వాళ్లకి వేరే చెప్పాలా? బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. గోదారి "బాగా పెరిగింది" అని ఎవరూ సరిపెట్టుకోరు. మరి "బాగానే చదువుతున్నా" అని మీరెందుకు సరిపెట్టుకోవాలి? చదువు, నిద్ర, ఫోన్... మూడింటికీ గంటలు రాయండి.

3. కొంచెం కొంచెం మార్చండి. చైన్ బిగువు మార్చే అడ్జస్టర్‌ని పావు చుట్టు తిప్పండి. మళ్లీ కొలవండి. రెండు వైపులా సమానంగా తిప్పకపోతే స్ప్రాకెట్ల వరస తప్పుతుంది. అలవాటూ అంతే: రేపు పావుగంట ముందు లేవండి. రెండు గంటల ముందు లేస్తానని శపథాలొద్దు.

4. లాక్ చేశాక మళ్లీ కొలవండి. లాక్‌నట్ బిగించేటప్పుడే సెట్టింగ్ కాస్త పక్కకి జరిగిపోతుంటుంది. నిర్ణయం తీసుకోగానే పని అయిపోయిందనుకోకండి. మర్నాడు ఆ నిర్ణయం నిలిచిందో లేదో చూసుకోండి.

5. పరుగు తర్వాత మళ్లీ చూడండి. చైన్ సాగిందంటాం. నిజానికి లోపలి పిన్నులు, బుష్షులు అరుగుతాయి, పొడవు పెరుగుతుంది. ఈ పోటీల్లో ఎక్కువ పాయింట్లు తెచ్చేది ఎండ్యూరెన్స్ అనే సుదీర్ఘ పరుగు. దాదాపు 22 కిలోమీటర్లు. నిన్న చూశాం కదా అని ఇవాళ వదిలేసే టీమ్ అక్కడే దెబ్బ తింటుంది. మీరు ఆదివారం ఆదివారం పది నిమిషాలు కూర్చోండి. ఏది బిగుసుకుంది? ఏది వదులైంది? రాసుకోండి.

ఈ రాత్రే మొదలుపెట్టండి. ఒక నోట్‌బుక్, ఒక అలవాటు, ఒక అంకె. రెండు అలవాట్లు ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. వచ్చే ఆదివారం అంకె కుదిరిందా, అక్కడ లాక్ చేయండి. రెండో అలవాటు అందుకోండి!