శ్రోత – సహచరుడు

పాఠ్యభాగ ఉద్దేశం

కళను సృష్టించేవాడు కళాకారుడు. దానిని కాలానికి నిలబెట్టేవాడు శ్రోత. ఇంకా పేరు రాని ఒక సంగీత బృందాన్ని అభిమానించడం కేవలం కాలక్షేపం కాదనీ, అందులో వివేకమూ బాధ్యతా ఇమిడి ఉన్నాయనీ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో మైదానం క్రమంగా అరణ్యప్రాంతంగా మారుతుంది. ఈ సరిహద్దు సీమలో రెండు రకాల సంగీతం పక్కపక్కనే వినిపిస్తుంది. ఒకటి కోయగూడేలలో తరతరాలుగా మోగుతున్న డోలు. మరొకటి కళాశాల విద్యార్థుల సెల్‌ఫోన్లలో వినవచ్చే గిటారు. పైకి చూస్తే ఈ రెంటికీ ఎట్టి సంబంధమూ లేదనిపిస్తుంది. కాని రెంటి మనుగడా ఒకే ప్రశ్నపై ఆధారపడి ఉంది. పెద్ద పెట్టుబడి, పెద్ద ప్రచారం లేని సంగీతాన్ని ఎవరు వింటారు? ఎంతకాలం వింటారు?

కావ్యాన్ని, నాట్యాన్ని ఆస్వాదించగల రసజ్ఞుని భారతీయ ఆలంకారికులు ‘సహృదయుడు’ అన్నారు. కవి హృదయంతో సమానమైన హృదయం గలవాడని దాని భావం. ఇప్పుడు వాడుకలో ఉన్న ‘అభిమాని’ అనే మాట వినగానే నిలువెత్తు కటౌట్లు, పూలదండలు, ఈలలు గుర్తుకు వస్తాయి. అది అభిమానానికి ఒక రూపం మాత్రమే. కీర్తి వచ్చిన తరువాత చేరే జనసందోహం వేరు. కీర్తి రాకముందే వెంట నడిచే పదిమంది వేరు. సహృదయుడనే మాట ఈ రెండవ వర్గానికే ఎక్కువగా వర్తిస్తుంది.

ఇటువంటి అభిమానానికి ఆధునిక కాలంలో స్వతంత్ర రాక్ బృందాలు మంచి ఉదాహరణ. రాక్ సంగీతం 1950 దశకంలో అమెరికాలో రూపుదిద్దుకొన్నది. నల్లజాతి ప్రజల బ్లూస్ సంగీతం, తెల్లజాతి గ్రామీణుల కంట్రీ సంగీతం దానికి ప్రధానమైన మూలాలు. విద్యుత్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు దాని ముఖ్య వాద్యాలు. పెద్ద రికార్డు సంస్థల అండ లేకుండా తమ పాటను తామే రాసి, తామే రికార్డు చేసి, తామే శ్రోతలకు చేర్చుకొనే బృందాలను ‘ఇండీ’ బృందాలంటారు. స్వతంత్రమనే అర్థం గల ఇంగ్లీషు మాటకు ఇది సంక్షిప్త రూపం.

ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరానికి చెందిన బజ్‌కాక్స్ బృందం 1977 జనవరిలో తన తొలి రికార్డును తానే విడుదల చేసింది. బంధుమిత్రుల వద్ద అప్పు తెచ్చిన సుమారు 500 పౌండ్లే దానికి పెట్టుబడి. మొదట అచ్చొత్తించిన ప్రతులు 1000 మాత్రమే. అవి త్వరలోనే చెల్లిపోయి, మళ్ళీ మళ్ళీ ముద్రించవలసి వచ్చింది. సంస్థలు తలుపులు తెరవకపోయినా, కొని వినే శ్రోతలుంటే పాట బతుకుతుందని ఆ రికార్డు నిరూపించింది. ఆ మార్గంలోనే ఎన్నో చిన్న బృందాలు ముందుకు వచ్చాయి.

అభిమానికి ఉండవలసిన నిష్ఠకు ఫ్రెడా కెల్లీ జీవితం దృష్టాంతం. లివర్‌పూల్ నగరంలో టైపిస్టుగా పనిచేస్తున్న ఆ యువతి, 1960 దశకం ఆరంభంలో మధ్యాహ్న భోజన విరామాలలో కావెర్న్ క్లబ్ అనే నేలమాళిగకు వెళ్ళి బీటిల్స్ బృందం పాటలు వినేది. అప్పటికి ఆ బృందం పేరు ఆ ఊరు దాటి అంతగా వ్యాపించలేదు. 1962లో ఆమె ఆ బృందం నిర్వాహకుని కార్యాలయంలో ఉద్యోగంలో చేరింది. అభిమాన సంఘం బాధ్యతలూ ఆమె భుజాన పడ్డాయి. సంఘం చిరునామాగా సొంత ఇంటి చిరునామా ఇవ్వడంతో ఉత్తరాలు గుట్టలుగా వచ్చి పడి తండ్రికి విసుగు తెప్పించాయి. అయినా ఆమె ఆ ఉత్తరాలను భారంగా భావించలేదు. అభిమానులు కోరిన జ్ఞాపికలు నిజమైనవే పంపాలని పట్టుబట్టింది. బీటిల్స్ కేశాలని చెప్పి వేరొకరి కేశాలు పంపజూసిన సహాయకులను పనిలోనుండి తొలగించింది. తానూ ఒక అభిమాని కనుక సాటి అభిమానిని మోసగించరాదన్నది ఆమె నియమం. ఆ బృందం ప్రపంచప్రసిద్ధి పొందిన తరువాత కూడా ఆమె తన పరిచయాన్ని ధనంగా మార్చుకోలేదు.

తెలుగునాట పాట అంటే చాలామందికి సినిమా పాటే. కథ, నటుడు, ప్రచారం ఆ పాటకు ముందే దారి వేస్తాయి. స్వతంత్ర బృందానికి ఆ సౌకర్యం లేదు. దాని పాట ఒంటరిగా వచ్చి శ్రోత తలుపు తట్టాలి. భారతదేశంలో ఇటువంటి ప్రయత్నాలకు దారిచూపిన బృందాలలో 1990లో దిల్లీలో ఏర్పడిన ‘ఇండియన్ ఓషన్’ ముఖ్యమైనది. 2000 సంవత్సరంలో వెలువడిన ‘కందీసా’ సంపుటిలో ఆ బృందం నర్మదానదిని గురించిన జానపద గీతాన్ని గిటారుతో, తబలాతో పాడి కొత్తతరానికి చేర్చింది.

తెలుగులో హైదరాబాదు కేంద్రంగా వెలసిన ‘చౌరస్తా’ బృందం జానపద బాణీకి రెగే లయను జోడించింది. రెగే 1960 దశకం చివర జమైకా ద్వీపంలో పుట్టిన సంగీతం. ‘ఊరెళ్ళిపోతా మామ’ అనే ఆ బృందం పాట, పట్నంలో ఇమడలేక ఊరివైపు మళ్ళే మనసును చిత్రించింది. చదువుకోసం, కొలువుకోసం పల్లె విడిచిన యువకులు దానిలో తమ బాధనే విన్నారు. పాట ఒకరి ఫోను నుండి మరొకరి ఫోనుకు సాగిపోయింది. ఆ బృందంలో గాయకునిగా పేరు పొందిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రంలోని ‘చిట్టి’ పాటతో సినిమా ప్రేక్షకులకూ సుపరిచితుడయ్యాడు.

తొలి అభిమానికి పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. నిన్నటిదాకా కొద్దిమంది సొత్తుగా ఉన్న గొంతు నేడు అందరిదైపోతుంది. “మేము ముందే విన్నాం” అనే గర్వమూ, “ఇక మావాడు కాడు” అనే దిగులూ ఒకేసారి కలుగుతాయి. ఆ దిగులు సహజమే. కాని అది అసూయగా మారితే అభిమానం యాజమాన్యమవుతుంది. కళాకారుడు ఎదగాలని కోరుకొని, ఎదిగిన తరువాత నిందించడం న్యాయం కాదు.

ఖమ్మం సీమకు ఈ సత్యం కొత్తది కాదు. నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న పదిహేడవ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి భద్రాచలంలో రామాలయం నిర్మించాడు. ప్రభుత్వ ధనం వెచ్చించాడన్న అభియోగంపై గోల్కొండలో కారాగారవాసం అనుభవించాడు. ఆ రామదాసు కీర్తనలకు నాడు రికార్డులు లేవు, రేడియో లేదు. భజన బృందాలే వాటిని మోశాయి. గుంటూరు ప్రాంతానికి చెందిన తూము నరసింహదాసు (1790–1833) భద్రాచలం చేరి ఆ సంప్రదాయాన్ని పునరుజ్జీవింపజేశాడు. దూరాన తిరువయ్యూరులో ఉన్న త్యాగరాజు (1767–1847) తన రచనలలో రామదాసును భక్తితో స్మరించాడు. ఇరవయ్యవ శతాబ్దంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానం ఆ కీర్తనలను ఇంటింటికీ చేర్చింది. స్వయంగా మహావాగ్గేయకారుడైన త్యాగరాజు సైతం రామదాసు పాటకు మొదట శ్రోతే. మంచి శ్రోతలు లేకపోతే ఆ పాట కారాగారం గోడలు దాటేది కాదు.

అదే సీమలో కోయడోలి కళాకారులు ఉన్నారు. వీరు కోయల వంశచరిత్రలను పాడే గాయకులు. ‘పడిగె’ అనే చిత్రించిన పతాకమే వీరి గ్రంథం. జాతరలలోనూ, కుటుంబాల శుభాశుభ కార్యాలలోనూ వీరు డోలు మోగిస్తూ ఆ కథలను గానం చేస్తారు. విన్న కుటుంబాలు ధాన్యమో, ధనమో ఇచ్చి ఆదరించడం ఆచారం. ఇక్కడ శ్రోత కేవలం వినేవాడు కాదు, గాయకునికి జీవనాధారం.

మణుగూరు మండలం కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ సంప్రదాయంలో పేరెన్నికగన్న గాయకుడు. సమ్మక్క సారలమ్మల వీరగాథను ఆయన కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవాడు. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకుల కృషితో ఆ మౌఖిక సాహిత్యం గ్రంథరూపం పొందింది. 2022లో భారత ప్రభుత్వం రామచంద్రయ్యకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. పురస్కారం కళాకారునికి గౌరవం తెస్తుంది గాని, అది ఒక్కటే వారసులను ఇవ్వజాలదు. వినేవారుంటేనే నేర్చుకొనేవారు పుడతారు. ఒక రాక్ బృందం విడిపోయినా దాని రికార్డులు మిగులుతాయి. డోలి గాయకుడు కన్నుమూస్తే, ఎవరూ విననిదీ ఎవరూ నేర్వనిదీ అయిన కథ ఆయనతోనే అంతరిస్తుంది.

కాబట్టి అభిమానానికి కొన్ని ధర్మాలున్నాయి. మొదటిది శ్రద్ధగా వినడం. రెండవది కళకు తగిన వెల చెల్లించడం. చిన్న బృందానికి వంద పొగడ్తలకన్న ఒక ప్రవేశ రుసుము మేలు చేస్తుంది. మూడవది నచ్చని పాటను నచ్చలేదని మర్యాదగా చెప్పడం. నాలుగవది పదిమందికి పరిచయం చేయడం. ఐదవది, చదువును, కుటుంబాన్ని, ఇతరుల అభిరుచిని చిన్నచూపు చూడకుండా హద్దులో నిలవడం. ఈ ధర్మాలు గిటారుకూ డోలుకూ సమానమే. తన ఊరి డోలును పెడచెవిన పెట్టి దూరదేశపు గిటారును మాత్రమే మెచ్చేవాడు సగం శ్రోత. గిటారును తృణీకరించి డోలు ఒక్కటే సంగీతమనేవాడూ సగం శ్రోతే. చెవిని రెండింటికీ తెరిచి ఉంచినవాడే సంపూర్ణ శ్రోత. అతడే కళాకారునికి నిజమైన సహచరుడు.

కఠిన పదాలు – అర్థాలు

మనుగడ = జీవనం, నిలకడ
ఆలంకారికులు = కావ్యశాస్త్ర పండితులు
నేలమాళిగ = భూమి అడుగున ఉండే గది
దృష్టాంతం = ఉదాహరణ
అభియోగం = నేరారోపణ
వాగ్గేయకారుడు = పాటను తానే రచించి, స్వరపరచి, పాడేవాడు
మౌఖికం = నోటితో చెప్పేది
తృణీకరించు = గడ్డిపరకలా తేలికగా చూచు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కళ నిలవడంలో శ్రోత పాత్రను పాఠం ఆధారంగా వివరించండి.
2. రాక్ బృందానికీ కోయడోలి కళకూ గల పోలికలను, భేదాలను చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ఫ్రెడా కెల్లీ పాటించిన నియమం ఏమిటి?
2. రామదాసు కీర్తనలు ఏ విధంగా వ్యాప్తి చెందాయి?
3. తొలి అభిమానికి ఎదురయ్యే పరీక్ష ఏది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘పడిగె’ అంటే ఏమిటి?
2. రెగే సంగీతం ఎక్కడ పుట్టింది?

IV. భాషాంశాలు
1. జీవనాధారం, ఆధునిక – వీటిలో సవర్ణదీర్ఘ సంధి గల పదాన్ని గుర్తించి విడదీయండి.
2. బంధుమిత్రులు, అరణ్యప్రాంతం – విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి.

V. ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలోని ఒక గాయకుని లేదా వాద్యబృందాన్ని కలిసి, వారి అనుమతితో ఒక పాటను విని, దాని నేపథ్యాన్ని ఒక పుటలో రాయండి.